గూఢచారి కథలో శృంగారం, దేశభక్తి: ‘గూఢచారి 116’ చిత్రం, దాని ఆదరణ – ఒక పరిశీలన

గూఢచారి పని నటన మీద ఆధారపడి ఉంటుంది. తాను కానిదాన్ని ఎదుటివారు నమ్మేలా చేయగలగడమే అతని నేర్పు. ప్రేమ దీనికి విరుద్ధంగా మరుగులేని మనసును కోరుతుంది. యుద్ధ నేపథ్యంలో ఈ రెండూ ఒకే కథలో కలిసినప్పుడు ప్రేమ నిజమా, నటనా అన్న సందేహం కథకు కేంద్రమవుతుంది. ఆ సందేహానికి మూల్యం చెల్లించేది ఎవరన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. 1966 నాటి ‘గూఢచారి 116’ చిత్రాన్ని, దానికి లభించిన ఆదరణను ఈ ప్రశ్న వెలుగులో పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం

చారులు, మారువేషాలు తెలుగు పాఠకులకు సినిమాతో పరిచయమైనవి కావు. సంస్కృతంలో విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’ చారుల వ్యవస్థ మీదనే నడిచే నాటకం. చంద్రగుప్తుని కోసం రాక్షసుడు ప్రయోగించిన విషకన్యను చాణక్యుడు పర్వతకుని మీదికి మళ్లిస్తాడు. శృంగారాన్ని ఆయుధంగా వాడిన ఈ ఘట్టం నాటకానికి పూర్వకథ మాత్రమే. విషకన్య రంగం మీదికి రాదు. ఆమెకు పేరు లేదు, మాట లేదు. ఎవరి చేతిలో ఆయుధమైందో తెలుస్తుంది కాని ఆమె ఏమనుకున్నదో తెలియదు.

వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’ (1897) నాటకంలో ఢిల్లీ సుల్తానుకు బందీ అయిన కాకతీయ ప్రభువును విడిపించడానికి మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషం వేస్తాడు. ఇక్కడ మంత్రాంగమే కథ, శృంగారం ప్రధానం కాదు. ఇరవయ్యో శతాబ్దంలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ పేరు కూడా యుగంధరే. మంత్రి నుంచి డిటెక్టివ్ దాకా ఈ సంప్రదాయంలో తెలివి పురుషునిది. స్త్రీ సౌందర్యం ఆ తెలివికి సాధనం గానో అవరోధం గానో కనిపిస్తుంది.

చిత్రం – కాలం

‘గూఢచారి 116’ వెలువడేనాటికి భారతదేశం మూడేళ్ల వ్యవధిలో రెండు యుద్ధాలు చూసింది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధాల తరువాత సరిహద్దు ఆవలి శత్రువుతోపాటు లోపలి ద్రోహి కూడా ప్రజల ఊహలో బలపడ్డాడు. మరోవైపు 1962లో ‘డాక్టర్ నో’తో మొదలైన జేమ్స్ బాండ్ చిత్రాలు ప్రపంచమంతటా కొత్త నాయకుణ్ణి పరిచయం చేశాయి. ఈ రెండింటి కలయికలో పుట్టిన చిత్రమిది. సుందర్‌లాల్ నహతా, డూండీ నిర్మించగా ఎం. మల్లికార్జునరావు దర్శకత్వం వహించారు. కృష్ణ, జయలలిత నాయికానాయకులు. సంగీతం టి. చలపతిరావు.

నాయకుడు ప్రేమించిన యువతి తండ్రికే శత్రుముఠాతో సంబంధం ఉండటం కథలోని చిక్కు. ప్రియురాలి ఇల్లే పరిశోధన స్థలమవుతుంది. అయినా ఈ చిక్కు విషాదానికి దారి తీయదు. నాయిక నిర్దోషి కనుక నాయకుని ప్రేమకూ విధికీ మధ్య కథ చివరిదాకా నిలిచే వైరుధ్యం ఏర్పడదు. ఈ తరహా చిత్రాల్లో సాధారణంగా ఇంకొక ఏర్పాటు కూడా కనిపిస్తుంది. శరీర ప్రదర్శన, వలపు వల క్లబ్బు నర్తకికి. లజ్జ, అనురాగం నాయికకు. కోరికను, శీలాన్ని ఇద్దరు స్త్రీల మధ్య పంచడం వల్ల గూఢచారి రెండింటినీ చూస్తూ దేనికీ జవాబుదారీ కాకుండా ఉంటాడు.

ఆదరణ

చిత్రం ఘనవిజయం సాధించింది. మరుసటి ఏడాది ఇదే కథ రవికాంత్ నగాయిచ్ దర్శకత్వంలో, జితేంద్ర నాయకుడుగా ‘ఫర్జ్’ పేరుతో హిందీలో వచ్చింది. ఆ పేరుకు అర్థం కర్తవ్యం. తెలుగు పేరు వృత్తిని సూచిస్తే హిందీ పేరు విధిని ముందుకు తెచ్చింది. కృష్ణకు ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అన్న పేరు స్థిరపడింది. తరువాతి కాలంలో ‘జేమ్స్ బాండ్ 777’ (1971), ‘ఏజెంట్ గోపి’ (1978) వంటి చిత్రాలు ఆ గుర్తింపును కొనసాగించాయి. 2018లో వచ్చిన ‘గూఢచారి’ చిత్రం నాయకునికి 116 సంఖ్యనే ఇచ్చి పాత చిత్రాన్ని స్మరించింది. తరం నుంచి తరానికి సంక్రమించింది నాయకుని సంఖ్యే. అతని పక్కనున్న స్త్రీ పాత్రకు అటువంటి వారసత్వం ఏర్పడలేదు.

తులనలో మరొక చిత్రం

జపాన్ ఆక్రమణలోని షాంఘై నేపథ్యంగా చాంగ్ ఐలింగ్ రాసిన కథను ఆంగ్ లీ ‘లస్ట్, కాషన్’ (2007)గా తీశారు. ఇందులో గూఢచారి యువతి. దేశం కోసం వలపు నటించి, చివరి క్షణంలో శత్రువునే కాపాడి, మరణశిక్షకు గురవుతుంది. విషకన్యకు లేని అంతరంగం ఈమెకు ఉంది. ఆ అంతరంగమే ఆమె ప్రాణం తీస్తుంది. వెనిస్ చిత్రోత్సవంలో స్వర్ణసింహం పొందిన ఈ చిత్రాన్ని చైనాలో శృంగార దృశ్యాలు కత్తిరించి ప్రదర్శించారు. 2008లో అక్కడి ప్రసార మాధ్యమాల నుంచి నటి టాంగ్ వెయ్‌ను తొలగించారు. ఆ దృశ్యాల్లో ఆమెతోపాటు నటించిన టోనీ లియుంగ్‌కు అటువంటి నిషేధం ఎదురుకాలేదు. కథలో శిక్ష పడిన స్త్రీకే కథ వెలుపలా శిక్ష పడింది.

తెలుగు చిత్రం ఈ ప్రమాదాన్ని ముందే తప్పించుకున్నది. గూఢచారిని పురుషుణ్ణి చేసి, నాయికను నిర్దోషిని చేసి, కోరికను నృత్యానికి పరిమితం చేసింది. దాని విజయానికి అదొక కారణం; దాని పరిమితి కూడా అదే.

ఉపసంహారం

ఈ చిత్ర రచనలో పాలుపంచుకున్న ఆరుద్ర రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వైమానిక దళంలో పనిచేసినవారు, డిటెక్టివ్ నవలలు రాసినవారు. చిత్రం వచ్చిన ఆ సంవత్సరాల్లోనే ఆయన ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలను వెలువరిస్తున్నారు. ఒకే కలం నుంచి వచ్చిన ఈ రెండు పనుల్లో ఒకటి పాఠ్యాంశమైంది, రెండవది వినోదం పద్దులో మిగిలింది. యుగంధరుని పిచ్చివేషాన్ని విశ్లేషించే పద్ధతులతోనే 116 సంఖ్య గల గూఢచారినీ చదవవచ్చు. అలా చదివినప్పుడు విషకన్య మౌనం నాటకంతో ముగియలేదని, జనాదరణ పొందిన చిత్రాల్లో నాయికగా, నర్తకిగా రెండుగా చీలి కొనసాగిందని స్పష్టమవుతుంది.