తాగే సెలైన్

1971 జూన్ 24న డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలకత్తా నుంచి బన్‌గావ్ చేరారు. తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) సరిహద్దును ఆనుకుని ఉన్న ఆ చిన్న పట్నపు ఆసుపత్రిలో కలరా రోగులకు ఉన్నవి పదహారు మంచాలు. అవి ఎప్పుడో నిండిపోయాయి. రెండు గదుల్లో నేలంతా రోగులే. ఎవరికైనా సెలైన్ ఎక్కించాలంటే వాంతుల మధ్య, విరేచనాల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని నరం వెతకాల్సిందే. ఆ పని నేర్చినవాళ్ళు ఆయన బృందంలో ఇద్దరే. తెచ్చుకున్న సెలైన్ సీసాలు చూస్తుండగానే తరిగిపోతున్నాయి. రెండు రోజులు తిరక్కుండానే ఈ పోరులో ఓడిపోతున్నామని ఆయనకు అర్థమైంది.

మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మారణకాండకు దిగింది. అప్పటి నుంచీ జనం ఇళ్ళూ పొలాలూ వదిలి భారతదేశంలోకి వస్తూనే ఉన్నారు. ఏడాది చివరికి కాందిశీకుల సంఖ్య కోటికి చేరింది. ఈలోగా వానలు మొదలయ్యాయి. కిక్కిరిసిన శిబిరాల్లో మురుగునీరూ తాగునీరూ ఒకటైపోయి కలరా అంటుకుంది. జబ్బు ముదిరితే ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీరు పోతుంది. వైద్యం అందకపోతే అలాంటి రోగుల్లో సగం మంది దక్కరు. పొద్దున్న నడిచి తిరిగిన మనిషి సాయంత్రానికి ఉండడు. తెలంగాణ పల్లెల్లో గత్తర అని భయపడింది దీనికే.

పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఒంట్లోకి చేరిస్తే రోగి బతుకుతాడని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. 1832లోనే స్కాట్లండ్‌లోని లీత్‌లో థామస్ లట్టా కలరా రోగుల నరాల్లోకి ఉప్పునీరు ఎక్కించాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఆ పద్ధతిని మెరుగుపరిచి మరణాలు బాగా తగ్గించాడు. మరి నోటితో తాగిస్తే? ఒట్టి ఉప్పునీళ్ళను కలరా సోకిన పేగు పట్టుకోదు. గ్లూకోజ్ తోడైతే పట్టుకుంటుంది. పేగు గోడలో గ్లూకోజూ సోడియమూ ఒకే దారిన జంటగా లోపలికి పోతాయి, నీరు వాటి వెంట పోతుంది. కలరా విషం ఈ ఒక్క దారినీ మూయలేదు. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ జంట ప్రయాణపు గుట్టు విప్పాడు. అంతకు ఏడేళ్ళ ముందే కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి, ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ ఈ తాగించే పద్ధతిని శాస్త్రీయంగా నిరూపించారు. అదే కాలంలో కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధన కేంద్రం కూడా ఇదే పనిలో ఉంది. మహలనబిస్ పనిచేసింది అక్కడే.

అయితే అవన్నీ ఆసుపత్రి వార్డుల్లో, రోగి ఒంట్లోంచి ఎంత పోయిందో, ఎంత తాగాడో గంటగంటకూ కొలుస్తూ చేసిన పరీక్షలు. వేల మంది రోగులున్న చోట, శిక్షణ లేని చేతులతో అది పనిచేస్తుందని అప్పటికి ఎవరూ చూపలేదు. పాళ్ళు తప్పితే ప్రమాదమన్న భయమూ ఉంది. బన్‌గావ్‌లో సీసాలు అయిపోతుంటే మహలనబిస్ ఆ భయాన్ని పక్కన పెట్టారు. ఆయన ఘనత ఇక్కడే ఉంది. మిశ్రమం ముందే ఉంది. దాన్ని డాక్టరు చేతిలోంచి తీసి రోగి తల్లికి, అన్నకు, మేనమామకు అప్పగించే తెగువే అప్పటిదాకా లేదు.

కలకత్తాలోని పరిశోధన కేంద్రం గ్రంథాలయ గదే తయారీశాల అయింది. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. వీటిని తూచి ప్లాస్టిక్ సంచుల్లో పోసి, మూతి అతికించి బన్‌గావ్‌కు పంపారు. అక్కడ కుళాయి ఉన్న డ్రమ్ముల్లో నీటిలో కలిపి పెట్టారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు. స్పృహ తప్పేంతగా నీరసించినవాళ్ళకు మాత్రం ముందు నరానికి సెలైన్ ఎక్కించి, కాస్త తేరుకోగానే తాగే నీళ్ళకు మార్చారు. మిగతావాళ్ళ బంధువులు డ్రమ్ము దగ్గరికి వచ్చి నీళ్ళు పట్టుకుపోయి, దప్పిక తీరేదాకా తాగించారు. సిబ్బందికి మొదట ఇది నాసిరకం వైద్యంలా తోచింది. అందుకే దానికి ‘తాగే సెలైన్’ అని పేరు పెట్టారు. సెలైన్ అంటే ప్రాణం నిలిపేదని జనానికి తెలుసు కాబట్టి, ఆ మాటతో గురి కుదిరింది.

రెండు నెలల్లో ఆ కేంద్రంలో 3,700 మందికి పైగా చికిత్స పొందారు. చనిపోయినవాళ్ళు 3.6 శాతం. సెలైన్ సీసాల మీదే ఆధారపడ్డ రోజుల్లో మరణాలు 30 శాతం దాకా ఉండేవి. ఈ నీళ్ళు కలిపే పద్ధతిని బంగ్లాదేశ్ విమోచన యోధుల రహస్య రేడియో సరిహద్దు అవతలి జనానికీ చెప్పింది. యుద్ధంలో రేడియో చేరవేసిన మాటల్లో ఇంత మేలు చేసినవి అరుదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న ధీమన్ బరువా బన్‌గావ్ వచ్చి ఈ పనిని కళ్ళారా చూశారు. నమ్మని పెద్దలను ఒప్పించే భారం ఆయన భుజాన వేసుకున్నారు. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసార నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. అదే ఏడు లాన్సెట్ సంపాదకీయం ఉప్పు, గ్లూకోజ్‌ల జంటను గుర్తించడం ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చని రాసింది.

స్వతంత్ర బంగ్లాదేశ్ దీన్ని వంటింటికి చేర్చింది. 1980 నుంచి పదేళ్ళపాటు బ్రాక్ స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు కోటికి పైగా ఇళ్ళ తలుపులు తట్టి, మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు అని తల్లులకు నేర్పారు. ఆ తల్లులకు ఎంత గుర్తుందో తర్వాత పరీక్షించి, దాన్ని బట్టే కార్యకర్తలకు జీతం కట్టారు. చెప్పి వెళ్ళిపోవడానికీ నేర్పడానికీ ఉన్న తేడా తెలిసినవాళ్ళు చేసిన పని అది.

అయితే ఈ మిశ్రమపు పొడి ఉన్నంత మాత్రాన ప్రాణాలు నిలవవని 1994లో గోమా చూపింది. రువాండా నుంచి పారిపోయి అప్పటి జైర్‌లోని ఆ పట్నం చుట్టూ చేరిన లక్షలాది కాందిశీకుల్లో మొదటి నెలలోనే దాదాపు 50 వేల మంది పోయారు. ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నవి కలరా, రక్త విరేచనాలు. శుభ్రమైన నీరు చాల్లేదు. గుడారం గుడారానికీ తిరిగి తాగించే మనుషులు సమయానికి లేరు. దానికి భిన్నంగా 2017లో యెమెన్‌లో యుద్ధం నడుస్తుండగా పది లక్షల అనుమానిత కలరా కేసులు వచ్చినా, మరణాలు రెండు వేల పైచిలుకే. ఆ ప్రాణాలు పోవాల్సినవి కావు. కానీ బన్‌గావ్‌కు ముందటి లెక్కన చూస్తే ఎన్ని ప్రాణాలు దక్కాయో తెలుస్తుంది.

మహలనబిస్ 2022 అక్టోబర్‌లో కలకత్తాలో కన్నుమూశారు. అప్పుడు ఆయన వయసు 87. పద్మవిభూషణ్ మరుసటి ఏడాది ప్రకటించారు. బతికుండగా ఇవ్వాల్సిన గౌరవం అది.

నేడు ఆశా కార్యకర్త సంచిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం నాటి ఆ ప్లాస్టిక్ సంచుల వారసురాలే. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళు సవరించింది: లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటితోపాటు పొటాషియం క్లోరైడ్, సోడియం సిట్రేట్. అయితే ఓఆర్ఎస్ అన్న పేరు పెట్టుకుని చక్కెర ఎక్కువున్న పానీయాలు మందుల దుకాణాల్లోకి వచ్చాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి వాటి మీద పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. ఇంట్లో బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. రాసినంత నీటిలోనే కలపండి. కొద్దికొద్దిగా, మళ్ళీ మళ్ళీ తాగించండి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.