చుక్కల యక్షరములు

మన యిండ్ల ముంగిళ్లలో స్త్రీలు ప్రాతఃకాలమున చుక్కలు పెట్టి ముగ్గులు వేయుదురు. చుక్కల లెక్క తప్పినచో ముగ్గు కుదరదు. పదిహేను చుక్కలలో పద్మము నిమిడ్చిన యామెను నేర్పరి యందుము గాని విద్వాంసురాలని యనము. ఈ భేదమెంత నిరాధారమో తెలుపు చరిత్ర యొకటి కలదు. అది కంప్యూటరు తెరమీది యక్షరముల చరిత్ర.

తెర యనునది చిన్న గడుల సముదాయము. గడికి పిక్సెలని పేరు. తొలినాటి నలుపు తెలుపు తెరలయందు గడి వెలుగవలెను, లేదా యాఱియుండవలెను. నడిమి స్థితి లేదు. ఇట్టి గడులలో వంపు నిలువక మెట్లుమెట్లుగా విఱుగును. హాలెండు దేశపు చిత్రకారుడు విమ్ క్రౌవెల్ 1967లో దీనికొక విరుగుడు చూపెను. యంత్రము వంపును వ్రాయలేనిచో నక్షరములే వంపును విడువవలెనని యాయన మతము. ఆయన 'నూతన వర్ణమాల' నిండ నిలువుగీతలు, అడ్డగీతలు. అందు కొన్ని యక్షరములను ఆంగ్లము బాగుగ నేర్చినవారు సైతము గుర్తింపజాలరు. అది చర్చకై చేసినదే గాని వాడుకకు గాదని యాయనయే చెప్పెను. యంత్రమునకు మనుష్యుడు లొంగవలెనా, మనుష్యునకు యంత్రమా యను వివాద మచ్చటనే స్ఫుటమైనది.

1984లో అమెరికాలో ఆపిల్ సంస్థవారు మాకింటోషను కంప్యూటరును వెలువరించిరి. దాని తెరకు అడ్డముగ 512, నిలువుగ 342 గడులు. గడికొక బిట్టు చొప్పున 21,888 బైట్లు కావలెను. యంత్రపు జ్ఞాపకమంతయు 128 కిలోబైట్లే గనుక తెర యొక్కటియే దానిలో నాఱవ పాలు మ్రింగెను. ఇంత యిఱుకులో నక్షరములు తీర్చుటకు వారు పిలిచినది సూసన్ కేర్ అను నామెను. ఆమె యింజనీరు గాదు. 1978లో లలితకళలయందు డాక్టరు పట్టము పొందిన విదుషి. పిలుపు వచ్చునప్పటికి ఒక మ్యూజియమునకై పంది విగ్రహమును చేయుచుండెను. ఆమె గళ్ళకాగితము కొని గడులు నింపుచు పని నారంభించెను. ఈ పని రాతిముక్కల చిత్రములకును, దారములు లెక్కపెట్టి కుట్టు సూదిపనికిని దగ్గఱిదని యామె పలుమాఱులు చెప్పియున్నది. ఆడువారి కాలక్షేపమని మనము చులకన చేయు సూదిపని, మహాయంత్రముల శాలలో విద్యగా చెల్లినది!

ఆ తొలి లిపికి చికాగో యని పేరు. ఫిలడెల్ఫియా చెంతనున్న రైలుదారి స్టేషనుల పేళ్లను మొదట నీ లిపులకు పెట్టుకొనిరట. పెట్టుచో మహానగరముల పేళ్లే పెట్టుడని స్టీవ్ జాబ్స్ పట్టుపట్టెను. (చిన్న స్టేషను పేరుతో నక్షరము చిన్నబోవునని మాకు తోచదు.) చికాగోలో నిలువు, అడ్డము, 45 డిగ్రీల వాలు తప్ప వేఱు వాలు లేదు. కావున మెట్లు కంటికి వికారముగ నుండవు. నిలువుగీత రెండు గడుల మందము. ఈ లావు అలంకారమునకు గాదు. తత్కాలము పనికిరాని యాజ్ఞలను తెరపై వెలవెలబోయినట్లు చూపవలసియుండెను. బూడిదరంగు లేని తెర గనుక గడి విడిచి గడిని చెఱుపుదురు. సన్నని గీతయైనచో అక్షరము శిథిలమగును. లావుగీత సగము పోయినను చదువవచ్చును. ఇదిగాక 'ఐ'కి కొంచెము, 'ఎమ్'కు మిక్కిలిగ చోటిచ్చి, ప్రతి యక్షరమునకు దాని వెడల్పు దానికి దక్కించిరి. టైపుమిషను పద్ధతిని ఎల్లరకు నొకే గది యిచ్చు వాడుక అప్పటి చిన్న యంత్రములలో విస్తారముగ నుండెను. 1997 వఱకు చికాగో మాకింటోషు తెరల నేలెను. 2001లో పాటలు వినిపించు ఐపాడ్ చిన్న తెరపై మరల కనబడెను.

కేర్ యంత్రపు పేదరికమును కప్పిపుచ్చగా, మఱియొకతె దానిని బయటబెట్టెను. జుజానా లిచ్కో 1961లో బ్రాటిస్లావాలో జన్మించి, బాల్యముననే అమెరికా చేరెను. ఎడమచేతి వాటము గల యామెను బర్క్లీ విద్యాలయపు లేఖనకళా తరగతిలో కుడిచేత వ్రాయుమనిరి. కలము బోధింపలేనిది గడులు బోధించినవి. భర్త రూడీ వాండర్లాన్స్‌తో నడపిన ఎమిగ్రె పత్రికకై 1985లో ఆమె ఓక్లండ్, ఎంపరర్ మొదలగు మోటులిపులను తీర్చెను. వానిలో మెట్లు దాగవు, మెట్లే రూపము. మనము దేనిని విస్తారముగ చదువుదుమో అదియే మనకు సుళువుగ చదువబడునని యామె వాదము. లిపిసంస్కరణ మనగానే బెదరువారు దీనిని తలచుకొనదగును. అలవాటును స్వభావమనుకొనుట మన దేశముననే గల లోపము గాదు.

అదే 1985లో నునుపైన గీతల నచ్చొత్తు లేజరు యంత్రములు వచ్చినవి. గడుల నిర్బంధము తొలగసాగెను. మోటులిపి మాత్రము తొలగలేదు. 1991లో మాసిమో విగ్నెల్లి యను ప్రసిద్ధ చిత్రకారుడు ఎమిగ్రె వారి పనిని చెత్త యని నిందించెను. 1996లో లిచ్కో తీర్చిన ఫిలొసోఫియా లిపికి ప్రకటనపత్రమును కూర్చినవాడును ఆయనయే! 2011లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియమువారు ఓక్లండును, క్రౌవెల్ వర్ణమాలను తమ భాండారమున చేర్చుకొనిరి.

తెలుగున కీ గడులు మఱింత కఠినములు. 'స్త్రీ' యనుటకు సకారముపై గుడిదీర్ఘము, క్రింద తకార రేఫముల యొత్తులు. ఆంగ్లమున కొక యంతస్తు చాలినచోట మనకు మూడు కావలెను. గుండ్రని వంపులు సరేసరి. మేము గళ్ళకాగితముపై ఎనిమిది గడుల యెత్తున 'కథ' యని వ్రాసి చూచితిమి. నడుమ చుక్కకు చోటు చాలక అది 'కధ' యైనది.