గడ్డి, మట్టి కట్టడాలు: నల్లగొండ, మహబూబ్‌నగర్

వరిగడ్డిని మట్టిలో కలిపి గానీ, కట్టలుగా పేర్చి గానీ గోడలు లేపే నిర్మాణ పద్ధతి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదటి రీతి తరతరాలది. రెండోది అమెరికాలో పుట్టింది.

ఈ ప్రాంతంలో ఎర్ర చెల్క నేలలు విస్తారం. ఆ మట్టిని గుంటలో నానబోసి, తరిగిన వరిగడ్డో ఊకో చల్లి, కాళ్లతో తొక్కి కొన్నాళ్లు మురగనిచ్చేవారు. గడ్డి మురిగేకొద్దీ మట్టికి జిగి వస్తుంది. మిగిలిన పీచు, గోడ ఆరేటప్పుడు పగుళ్లు రాకుండా పట్టి ఉంచుతుంది. రాతి పునాది మీద వరుస పెట్టి, అది ఆరాక మరో వరుస పెట్టేవారు. పైన పేడ అలుకు, జాజు, సున్నం. దక్కనులో ఈ జ్ఞానం చాలా పాతది: అజంతా చిత్రాల కింది మట్టిపూతలోనూ వరి ఊక, గడ్డి పీచు ఉన్నాయి.

పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల మట్టి మిద్దె ఈ గోడకు తగిన కప్పు. దూలాల మీద దంతెలు వేసి, కట్టెపుల్లలు, ఆకు పరిచి, పైన చౌడుమట్టి పోసి దిమ్మిస్తారు. చౌడులో సోడియం ఎక్కువ. అందువల్ల తడవగానే బంకరేణువులు విడిపోయి సందులను పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. పంటకు పనికిరాని మట్టిని ఇంటికి కాపుగా మార్చిన ఈ తెలివికి ఇంజినీరింగ్ పాఠాల్లో చోటు దక్కాలి.

1985 నాటి ఇందిరా ఆవాస్ యోజన, 2006 నాటి ఇందిరమ్మ పథకం ఇటుక, సిమెంటు ఇళ్లనే పెంచాయి. 2011 జనగణన మట్టిగోడను తాత్కాలిక పదార్థాల పద్దులో రాసింది. తరాలు నిలిచిన గోడకు ఆ పేరు తగదు.

మట్టిగోడ ఇలా వెనకబడితే, గడ్డి మాత్రం పెరిగింది. మెట్ట ఊళ్లలో ఒకప్పుడు అది పశువుల మేతకే సరిపోయేది కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి విస్తరించింది. కోత యంత్రాలు వచ్చాక గడ్డి పొలంలోనే మిగిలి, చాలాచోట్ల మంటల పాలవుతోంది.

ఇలా మిగిలిన గడ్డికి కట్టల గోడ ఒక దారి. ఈ పద్ధతి పుట్టిన అమెరికాలోని నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో కలప కరువు, గోడకు నిలిచే మట్టీ లేదు. 19వ శతాబ్ది చివర్లో గడ్డిని కట్టలు కట్టే యంత్రాలు అక్కడికి చేరాయి. కొత్తగా వచ్చి స్థిరపడినవారు ఆ కట్టలతోనే గోడలు పేర్చారు. ఆర్థర్ అనే ఊళ్లో 1928లో ఇలా కట్టిన చర్చి ఇంకా ఉంది. 1980లలో ఈ పద్ధతి మళ్లీ ఊపందుకుంది, 2015లో అమెరికా గృహనిర్మాణ నియమావళి అనుబంధంలోకి ఎక్కింది. 2005 కశ్మీర్ భూకంపం తర్వాత పాకిస్తాన్‌లోనూ పేదలకు ఇలాంటి ఇళ్లు కట్టారు. ఆ నమూనాను 2009లో నెవాడా విశ్వవిద్యాలయంలో కంపన పరీక్షకు పెట్టారు.

గట్టిగా బిగించిన కట్టలో గాలి ఆడదు కనుక, పూత వేసిన గోడ సులువుగా అంటుకోదు. ఎండ వేడినీ లోపలికి రానివ్వదు. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, గోధుమ గడ్డికన్నా నిదానంగా కుళ్లుతుంది. అసలు శత్రువులు తేమ, చెదలు. ఎత్తైన రాతి పీఠం, బాగా ముందుకు వచ్చిన చూరు, సున్నపు పూత తప్పనిసరి. రాయికి ఇక్కడ కొదవ లేదు. అయితే ఇక్కడి పొలాల్లో తిరిగే బేలర్లు ఎక్కువగా గుండ్రటి కట్టలు చుడతాయి. గోడకు కావలసినవి నాలుగు పలకల కట్టలు, వాటిని కట్టే యంత్రం వేరు.