చిమ్మిలి పంచారు, సంగతి చెప్పలేదు

తిరువూరులో మా అక్క పెద్దమనిషైన రోజు వీధంతటికీ తెలిసింది. తాటాకు చాప మీద కూర్చోబెట్టి హారతులిచ్చారు, చిమ్మిలి పంచారు. తన ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం అక్కకి ఎవరూ చెప్పలేదు. బళ్ళో ఆ పాఠం రాగానే మాస్టారు "ఇది ఇంటిదగ్గర చదువుకోండి" అన్నారు. ఇంట్లో అడిగితే "అవన్నీ బళ్ళో చెప్తార్లే" అన్నారు.

ఈ రెండు గడపల మధ్య ఖాళీకి చరిత్ర ఉంది. ఈడేరకముందే పెళ్ళి చేసేసే ఇళ్ళలో కౌమారం అన్న మాటకే చోటు లేదు. 1930లో అమల్లోకొచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి కనీసం 14 ఏళ్ళు ఉండాలంది. 1978లో అది 18 అయింది. చట్టం పిల్లలకి కొన్నేళ్ళు మిగిల్చింది. ఆ ఏళ్ళలో వాళ్ళకేం చెప్పాలో ఎవరూ తేల్చలేదు.

ఆ పని వారపత్రిక చేసింది. విజయవాడ డాక్టర్ సమరం 'స్వాతి'లో రాసిన జవాబుల్ని పరుపు కింద దాచుకుని చదివిన తరం మాది.

2005లో కేంద్రం బడుల్లో కౌమార విద్య మొదలుపెట్టింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వద్దన్నాయి. సంస్కృతి పాడవుతుందన్నారు. 2021లో మన రాష్ట్రంలో 'స్వేచ్ఛ' పథకం వచ్చి, 7 నుంచి 12 తరగతుల అమ్మాయిలకి బళ్ళోనే నెలకి 10 నాప్‌కిన్లు ఇచ్చింది. ప్యాకెట్ ఇంటికొచ్చింది. మాట కూడా రావాలిగా!

అక్క కూతురిప్పుడు ఎనిమిదో తరగతి. మొన్న పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతయ్యాక అక్క టీచర్ని అడిగిందట: "కౌమారదశ పాఠం ఎప్పుడు చెప్తారండీ? ముందురోజు ఇంట్లో నేను మొదలుపెడతా."