గోంబే పుట్ట మీద గడ్డిపరక

తొలకరి వాన వెలిసిన సాయంత్రం చొప్పదండి పొలాల్లో పుట్టల నుంచి ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, లేచేవి. దీపం కింద నీళ్ల గిన్నె పెట్టి పట్టేవాళ్లం. మా నాయనమ్మ వాటిని మూకుట్లో వేయించి, ఇంత ఉప్పూ కారం చల్లి పిడికెడు చేతిలో పోసేది. జూలై 14 దగ్గరపడుతుంటే నాకు ఆ రుచే గుర్తొస్తోంది. 1960లో ఆ రోజునే జేన్ గూడాల్ అనే 26 ఏళ్ల అమ్మాయి ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సు తూర్పు ఒడ్డున, గోంబే అడవిలో చింపాంజీలను గమనించడానికి పడవ దిగింది. 2025 అక్టోబర్ 1న, 91 ఏళ్ల వయసులో ఆమె వెళ్లిపోయాక వస్తున్న మొదటి జూలై 14 ఇది.

అంతకుముందు చింపాంజీని చూసినవాళ్లు లేరని కాదు. 1699లో లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టైసన్ ఒక చింపాంజీ పిల్ల శవాన్ని కోసి, దానికీ మనిషికీ ఉన్న పోలికలు రాసిపెట్టాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా దాన్ని బోనులోనో, సర్కస్‌లోనో చూశారు. 1930లో శాస్త్రవేత్త హెన్రీ నిస్సెన్ గినీ అడవుల్లో కొన్ని వారాలు వెంటపడి చూసి వచ్చాడు. దాని ఇంటికి వెళ్లి, అది రమ్మనేదాకా కూర్చున్నవాళ్లు మాత్రం లేరు.

జేన్ కూర్చుంది. ఆమెకు అప్పటికి కాలేజీ పట్టా లేదు. నైరోబీలో ఆదిమానవుల పరిశోధకుడు లూయీ లీకీ దగ్గర సెక్రటరీగా పనిచేసింది, ఆయనే పంపాడు. పెళ్లికాని పిల్ల ఒక్కతే అడవిలో ఉండటానికి బ్రిటిష్ అధికారులు ఒప్పుకోకపోతే తల్లి వాన్ తోడు వచ్చింది. ఆ తల్లి గుడారం దగ్గర చుట్టుపక్కల జాలర్లకు మందులిచ్చేది. ఇద్దరూ మలేరియాతో మంచాన పడ్డారు. చింపాంజీలేమో మనిషి జాడ తెలిస్తే చాలు, అర కిలోమీటరు దూరం నుంచే పారిపోయేవి. జ్వరం తగ్గగానే జేన్ రోజూ తెల్లవారకముందే ఒక గుట్ట ఎక్కి, బైనాక్యులర్స్ పట్టుకుని, దాక్కోకుండా అందరికీ కనబడేలా కూర్చునేది. రోజూ ఒకేరకం రంగు బట్టలే. ఆ ఓపికే నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టం.

మొదట భయం విడిచింది తెల్లగడ్డం మగది. దానికి డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరు పెట్టింది. జంతువులకు నంబర్లే తప్ప పేర్లు పెట్టకూడదని పెద్ద చదువులవాళ్లు తర్వాత ఆమెను తప్పుపట్టారు. నవంబర్‌లో, అక్కడ వానలు మొదలయ్యే వేళ, ఆ డేవిడ్ చెదపుట్ట ముందు చతికిలబడి కనిపించింది. వేలితో కన్నం మూతి గీకింది, పొడవాటి గడ్డిపరకను లోపలికి దూర్చింది, కాసేపాగి మెల్లగా లాగింది. పరకను కరిచిపట్టుకున్న చెదలు దానితోపాటే బయటికొచ్చాయి. పెదాలతో ఏరుకు తింది. పరక వంగిపోతే చివర తుంచి మళ్లీ వాడింది. తర్వాత ఆకుల కొమ్మ తెంపి, ఆకులు దూసి పుల్ల చేసుకోవడం కూడా జేన్ చూసింది. పనిముట్టు తయారుచేసుకునేది మనిషి ఒక్కడేనని పుస్తకాలు చెబుతున్న కాలం అది. కబురందిన లీకీ, ఇక పనిముట్టు అనే మాటకైనా మనిషి అనే మాటకైనా అర్థం మార్చాలి, లేదా చింపాంజీని మనిషిగా ఒప్పుకోవాలి అని జవాబు పంపాడు. మేము దీపం పెట్టి పట్టినవాటిని అది గడ్డిపరకతో పట్టింది.

1968లో గోంబే జాతీయ పార్కు అయింది. అప్పటికే కథ చిక్కుబడింది. దగ్గరికి రావాలని పెట్టిన అరటిపండ్లు చింపాంజీల మధ్య కొట్లాటలు పెంచాయి. 1966లో పోలియో వచ్చి కొన్నింటిని చంపింది, కొన్నింటిని అవిటివి చేసింది. ఆ తర్వాత 1974 నుంచి 1978 వరకు ఒక గుంపు, తననుంచి విడిపోయిన గుంపులోని మగవాటిని వెంటాడి చంపింది. పార్కు సుమారు 35 చదరపు కిలోమీటర్లే, చుట్టూ గుట్టలు బోడివయ్యాయి. ఇవాళ దగ్గర్లోని కిగోమా పట్టణం నుంచి పడవలో వెళ్లేవాళ్లు మాస్కు కట్టుకుని దూరంగా నిలబడి చూడాలి. జలుబున్నవాళ్లు వెళ్లకూడదు, మన రోగం వాటికి అంటుకుంటుంది.

నేను గోంబే వెళ్లలేదు. కోతులుండే కొండగట్టు అంజన్న గుడికి వెళ్తుంటాను. ఎర్ర ముఖం, పొట్టి తోక ఉత్తరాది కోతికీ, నెత్తిన టోపీలా వెంట్రుకలు, పొడుగు తోక ఉన్న దక్షిణాది కోతికీ ఒకప్పుడు గోదావరి సరిహద్దు. పొట్టి తోకది ఇప్పుడు దక్షిణానికి జరుగుతోందని పరిశోధకులు తేల్చారు. అంజన్న సన్నిధిలో మనం కోతికి దండం పెడతాం. చేన్లో మక్క కంకులు విరిస్తే అదే కోతిని తరుముతాం, కొండెంగ బొమ్మల ఫ్లెక్సీలు కడతాం. పల్లి వేయడం మానేసిన రైతుల బాధ చిన్నది కాదు. నిర్మల్ జిల్లాలో 2020లో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కేంద్రం కూడా తెరిచారు. ఇన్ని చేశాం. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒక్క గుంపు వెంట కూర్చుని, ఏది ఎవరి తల్లో, ఏది ఎవరి పిల్లో రాసుకున్నామా?

పోయిన మంగళవారం కొండగట్టు మెట్ల మీద నోటుబుక్కుతో కూర్చున్నాను. ఒక తల్లి కోతి పిల్లకు పేలు చూస్తోంది. కొబ్బరికాయలమ్మే అవ్వ చాలాసేపు గమనించి అడిగింది.

"గంతసేపు ఏం జూస్తున్నవ్ బిడ్డా?"

"కోతినే అవ్వా."

"గా చెవి తెగినదా? దాని తల్లి గూడ గీడనే ఉండె," అంది. నేను రాసుకున్నాను.