గాజుల లక్ష్మీనరసు చెట్టి: అర్జీల్లో మిగిలిన చరిత్ర

సూలూరులో మన ఇళ్లలో తెలుగు మాట వినిపిస్తూనే ఉంది. తాతల నాటి తెలుగు కాగితం చదవగలవారు మాత్రం తగ్గిపోయారు. చదవలేని కాగితం తేలిగ్గా చెత్తలో కలుస్తుంది. కాగితం విలువేమిటో తెలియాలంటే గాజుల లక్ష్మీనరసు చెట్టి (1806–1868) గురించి చెప్పుకోవాలి.

చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగు వర్తక కుటుంబంలో ఆయన పుట్టారు. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రికను, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించారు. పన్నుల భారం, అధికారుల దౌర్జన్యం గురించి ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపింది. శిస్తు వసూలుకు రైతులను హింసించే పద్ధతిపై 1854లో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. హింస నిజమేనని 1855 నివేదిక ఒప్పుకుంది. మన కోయంబత్తూరు జిల్లా కూడా అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1863లో ఆయన మద్రాసు శాసనమండలి సభ్యులయ్యారు.

ఆ నివేదిక అచ్చులో ఉంది కనుక నేటికీ చదవగలుగుతున్నాం. ఆనాటి ప్రభుత్వ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. సర్కారు తన కాగితాలు దాచుకుంది. రైతు ఇంటి కాగితాన్ని దాచాల్సింది మనమే.

పాత పట్టా, క్రయపత్రం, ఉత్తరం, శుభలేఖ ఏది దొరికినా పారేయకండి. లామినేషన్ చేయించకండి. తేమ తగలని చోట ఉంచి, ఫోటో తీయండి. అది ఎవరిదో, ఏనాటిదో పెద్దలను అడిగి విడి చీటీ మీద రాసి జతచేయండి. చెప్పగలిగే పెద్దలు ఉండగానే ఈ పని చేద్దాం.