సోమరి వాయువులు

1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడడానికే ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ అంత దూరం వచ్చి, దుర్భిణికి వర్ణపటదర్శిని బిగించుకుని కూచున్నాడు. బందరులో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ ఉన్నాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగులో ఒక పసుప్పచ్చ గీత కనిపించింది. చాలామంది అది సోడియం గీతే అనుకున్నారు. కానీ సోడియంవి 589 నానోమీటర్ల దగ్గరుంటాయి, ఇది 587.5 దగ్గర. ఆ కాస్త తేడాలోనే ఒక కొత్త మూలకం ఉంది. అదే హీలియం. భూమ్మీద అది రామ్సే చేతికి చిక్కడానికి 1895 దాకా పట్టింది.

ఆ ముందు ఏడే ఆర్గాన్ దొరికింది. గ్రీకులో ఆ మాటకి సోమరి అని అర్థం. ఫ్లోరిన్‌ని మొదటిసారి విడదీసిన మొయిసాన్‌కి రామ్సే కాస్త ఆర్గాన్ పంపించాడు. దేన్నయినా కొరికి తినే ఫ్లోరిన్ కూడా దాన్ని ముట్టుకోలేదు. దాంతో ఈ కుటుంబానికంతటికీ జడవాయువులన్న పేరు స్థిరపడింది. తర్వాత 1916లో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండిన పరమాణువుకి ఇంకేమీ అక్కర్లేదన్న సిద్ధాంతం వచ్చి, ఆ పేరుకి కారణం కూడా సమకూర్చింది. మనం బళ్ళో బట్టీపట్టింది ఇదే.

లైనస్ పాలింగ్‌ని మాత్రం ఇది ఆపలేదు. 1933లో ఆయన రాస్తున్నది జడవాయువుల గురించి కాదు, ఆంటిమొనీ ఆమ్లాల గురించి. ఆవర్తన పట్టికలో ఆంటిమొనీ, టెల్లూరియం, అయొడిన్ పక్కపక్కనే ఉంటాయి. మూడూ తమ చుట్టూ ఆరేసి ఆక్సిజన్లని పెట్టుకోగలవు. అయొడిన్ పక్కిల్లు జెనాన్‌ది. మరి అది మాత్రం ఎందుకు పెట్టుకోకూడదు? అలా పెర్‌జెనిక్ ఆమ్లాన్నీ, జెనాన్, క్రిప్టాన్ హెక్సాఫ్లోరైడ్లనీ కాగితం మీద ఊహించాడు. ఇందులో గారడీ ఏమీ లేదు. హీలియం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగాలంటే 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. జెనాన్‌కి 12.1 చాలు. పెద్ద పరమాణువు కదా, బయటి ఎలక్ట్రాన్ల మీద పట్టు తక్కువ.

పాలింగ్ పనిచేసే కాల్టెక్‌లోనే డాన్ యోస్ట్, ఆల్బర్ట్ కే అనే ఇద్దరు పరీక్షకి దిగారు. అప్పట్లో జెనాన్ దొరకడమే గగనం. తెలిసినవాళ్ళని అడిగి సంపాదించిన కాస్త జెనాన్‌లో ఫ్లోరిన్ కలిపి విద్యుత్తు పంపారు. ఏమీ దొరకలేదు. తమకి దొరకనంత మాత్రాన అలాంటి పదార్థం లేదని చెప్పలేమని వాళ్ళు నిజాయితీగానే రాశారు. చదివినవాళ్ళు మాత్రం ఆ వాక్యాన్ని వదిలేసి ఫలితాన్నే గుర్తుపెట్టుకున్నారు. దాదాపు ముప్పయ్యేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తేలిందేమంటే, ఈ రెండు వాయువుల్నీ గాజుబుడ్డిలో కలిపి ఉత్త ఎండలో పెట్టినా జెనాన్ డైఫ్లోరైడ్ స్ఫటికాలు కడతాయి. పాసడీనాలో ఎండకేం కొదవ!

1962లో వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్ చేతిలో ప్లాటినమ్ హెక్సాఫ్లోరైడ్ అనే ఎర్రటి ఆవిరి ఉంది. అది ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్‌ని లాగేసుకుంటుందని అప్పటికే చూశాడు. పట్టిక తిరగేస్తే, ఆక్సిజన్ అణువుకి కావలసిన శక్తీ జెనాన్‌కి కావలసిన శక్తీ దాదాపు ఒకటే. మార్చి 23, శుక్రవారం సాయంత్రం రెంటినీ కలిపాడు. ఎర్ర ఆవిరి, రంగులేని వాయువు కలిసి వెంటనే పసుప్పచ్చటి పొడి అయిపోయాయి. ఎవరికైనా చెబుదామని బయటికి పరిగెడితే అందరూ భోజనాలకి వెళ్ళిపోయారట. ఆ పొడి ఆయన రాసుకున్న ఫార్ములా అంత సులువైనది కాదని తర్వాత తెలిసింది కానీ, తలుపైతే తెరుచుకుంది. కొన్ని నెలల్లోనే ఆర్గాన్ లాబొరేటరీలో జెనాన్‌నీ ఫ్లోరిన్‌నీ నికెల్ పాత్రలో 400 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేసి టెట్రాఫ్లోరైడ్ తీశారు. (ఈ ఆర్గాన్ షికాగో దగ్గరి లాబొరేటరీ పేరు. వాయువుతో చుట్టరికం లేదు.) రెండు మూడేళ్ళలో పాలింగ్ చెప్పిన పెర్‌జెనేట్లు కూడా వచ్చేశాయి. క్రిప్టాన్ హెక్సాఫ్లోరైడ్ మాత్రం రాలేదు. లెక్క అన్నిచోట్లా గెలవలేదన్నమాట.

ఇక మిగిలింది హీలియం. ప్రోటాన్‌తో జతకట్టిన హీలియం అయాన్‌ని 1925లోనే ప్రయోగశాలలో చూశారు. విశ్వంలో ఏర్పడ్డ తొలి అణుబంధం అదేనని సిద్ధాంతం. ఆకాశంలో అది 2019లో గానీ కనబడలేదు, అదీ విమానంలో పెట్టిన టెలిస్కోపుకి. కానీ అది అయాన్, సీసాలో పోసి చూపించేది కాదు. 2017లో ఒగనోవ్ బృందం ముందు కంప్యూటర్లో వెతికి, తర్వాత వజ్రాల మధ్య నొక్కి, రెండు సోడియంలకి ఒక హీలియం చొప్పున ఉన్న స్ఫటికాన్ని ప్రకటించింది. అప్పుడెప్పుడో సోడియంగా పొరబడ్డ మూలకం చివరికి సోడియంతోనే కుదురుకోవడం నాకు భలే నచ్చింది. ఇందుకు పదకొండు లక్షల వాతావరణాలకు పైగా ఒత్తిడి కావాలి.

మరి అది బంధమేనా? ఆ స్ఫటికంలో సోడియం వదులుకున్న ఎలక్ట్రాన్లు జంటలుగా ఖాళీ గదుల్లో కూచుంటాయి. పక్క గదుల్లో హీలియం ఉంటుంది. అది ఎవరికీ ఏమీ ఇవ్వదు, ఎవరి దగ్గరా పుచ్చుకోదు. అది అక్కడుండడం వల్ల మిగతావాళ్ళు సర్దుకుంటారు, అంతే. సమ్మేళనం అనడానికి నాకు అభ్యంతరం లేదు. బంధం అనడానికే నోరు రావడం లేదు. ఒత్తిడి తీసేస్తే ఎవరి దారి వాళ్ళదే.